కదల్లేదు కదా అని...

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి మా బ్యాచ్‌వాడే. నాకు ఫోన్ చేసి రెండు అడిగాడు. ఒకటి, పిల్లలకు స్ఫూర్తి కలిగేలా నా ఉద్యోగం గురించి పావుగంట మాట్లాడమని. రెండోది, రెండేళ్ల కిందట మా బ్యాచ్ మారేడుమిల్లి వెళ్ళినప్పుడు తీసిన ఎలుగుబంటి ఫోటో సంచికలో వెయ్యడానికి పంపమని. మొదటిదానికి సరే అన్నాను. రెండోది ఇవ్వనన్నాను. వాడికి కోపం వచ్చింది. "రంగుల పేజీ ఖాళీగా ఉంచాం రా దానికోసం" అన్నాడు. ఎందుకివ్వనో ఫోనులో చెప్పడం నాకు చేతకాలేదు. అందుకని ఈ పావుగంటా దానికే వాడుకుంటాను. ఉద్యోగం సంగతి కూడా మధ్యలో వస్తుంది లెండి.

మన కోనసీమ వాళ్ళకి ఎలుగుబంటి అంటే జాంబవంతుడే. ఇక్కడ వరిచేలున్నాయి, కొబ్బరితోటలున్నాయి, కాలవ గట్టు మీద ముంగిసలున్నాయి, ఎలుగు మాత్రం లేదు. నా ఈడు వాళ్ళం చూసిన ఎలుగు ముక్కుతాడుతో వచ్చినదే. ఏడాదికోసారి, పంట నూర్పులయ్యాక, దాన్ని ఆడించేవాడు మన బడి గేటు దగ్గరకు వచ్చేవాడు. డబ్బులిస్తే పిల్లల్ని దాని వీపు మీద ఎక్కించేవాడు. ఇంకా ఇస్తే దాని వెంట్రుక ఒకటి పీకి ఇచ్చేవాడు, తాయెత్తులో పెట్టుకోవడానికి. నేను రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నానని మా మామ్మ నన్ను దానిమీద కూర్చోబెట్టింది. బొచ్చు గరుగ్గా ఉంది. దుమ్ము వాసన. అది ఇటూ అటూ ఊగుతూనే ఉంది కానీ నన్ను ఏమీ చెయ్యలేదు. "చూశావా, ఎంత నెమ్మదైందో" అంది మామ్మ. నా భయం పోయిందో లేదో గుర్తులేదు.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, ఆ ఆట వెనకాల సంగతి. ఆడించడానికి ఎలుగు కావాలంటే పిల్లగా ఉన్నప్పుడే గుహలోంచి ఎత్తుకురావాలి. తల్లి ఊరికే ఇవ్వదు కదా, దాన్ని చంపేసేవారు. ఆ తర్వాత ముక్కుకు చిల్లు, పళ్ళు పీకడం. 1972 చట్టం వచ్చినా మేం బడికి వెళ్ళే రోజుల్లో ఆ ఆట నడుస్తూనే ఉంది. వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ లాంటి సంస్థలు ఆడించేవాళ్ళకు వేరే బతుకుతెరువు చూపించి, ఎలుగులను ఆగ్రా వంటి చోట్ల ఆశ్రయ కేంద్రాలకు చేర్చాక 2009 నాటికి దాదాపుగా ఆగింది. నెమ్మదైంది అని మేం మురిసిపోయిన ఆ ఎలుగు కథ అది.

ఇంకో జ్ఞాపకం చెప్పి అసలు విషయానికి వస్తాను. ఎనిమిదో తరగతిలో మా సైన్సు మాస్టారు నాడి లెక్కపెట్టడం నేర్పారు. మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టుకుని, ఆయన గడియారం చూసి "మొదలెట్టండి" అంటే లెక్క మొదలు. ముందు కూర్చుని చూశాం, తర్వాత గ్రౌండు చుట్టూ పరిగెత్తి చూశాం. అదయ్యాక ఆయన, హోమ్‌వర్కు చెయ్యని ఆరుగురిని ముందుకు పిలిచి బెత్తం తీసి బల్ల మీద పెట్టారు. మేం చేతులు కట్టుకుని రాయిలా నిలబడ్డాం. "ఇప్పుడు లెక్కపెట్టండి" అన్నారు. నాది పరిగెత్తినప్పటికంటే ఎక్కువ వచ్చింది. ఆ రోజు ఆయన కొట్టలేదు. నల్లబల్ల మీద మూడు అంకెలూ రాసి, బెత్తం తీసుకుని వెళ్ళిపోయారు. ఆరుగురిలో ముగ్గురు ఈ సభలోనే ఉన్నారు, వాళ్ళనే అడగండి.

కాకినాడలో ఇంజనీరింగు చేసి, అక్కడా ఇక్కడా పనిచేసి, చివరికి అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం చేరాను. మినియాపొలిస్ చుట్టుపక్కల గుండె పరికరాలు తయారు చేసే కంపెనీలు చాలా ఉన్నాయి. అలాంటి ఒకదానిలో ఉద్యోగం. మామూలు మాటల్లో చెప్పాలంటే గుండె కొట్టుకునే తీరును చదివే చిన్న పెట్టెలకు లెక్కలు రాసే పని. రోగి ఎందుకు స్పృహ తప్పి పడిపోతున్నాడో డాక్టరుకి అంతు చిక్కనప్పుడు, పెన్‌డ్రైవ్ అంత పరికరాన్ని ఛాతీ చర్మం కింద పెడతారు. అది నెలల తరబడి గుండె చప్పుడును రాసి పెట్టుకుంటుంది.

అక్కడి పరిశోధకులకు ఒక ఆలోచన వచ్చింది. మిన్నెసోటా అడవుల్లో నల్ల ఎలుగులున్నాయి. చలికాలమంతా, ఐదారు నెలలు, అవి గుహలోనే ఉంటాయి. తిండి లేదు, నీళ్ళు లేవు, మలమూత్రాలు కూడా లేవు. అయినా వసంతంలో లేచి నడిచి వెళ్ళిపోతాయి. మనిషిని నెల రోజులు మంచంలో పడుకోబెడితే కండలు కరిగిపోతాయి. మరి దానికెలా సాధ్యం? ఆ రాష్ట్రపు సహజవనరుల శాఖ 1981 నుంచి ఎలుగుల మెడకు రేడియో పట్టీలు కట్టి వాటి వెంట తిరుగుతోంది. డేవిడ్ గార్షెలిస్ అనే శాస్త్రవేత్త అప్పట్లో ఆ పనికి పెద్ద. మెడ్‌ట్రానిక్ కంపెనీ ఇంజనీరు టిమ్ లాస్కె, యూనివర్సిటీలో గుండె మీద పనిచేసేవాళ్ళు ఆయనతో కలిసి, రోగులకు పెట్టే ఆ పరికరాన్నే ఎలుగు చర్మం కింద పెట్టారు. 2010లో ఫలితాలు ప్రకటించారు. నిద్రలో ఉన్న ఎలుగు ఊపిరి పీల్చినప్పుడు గుండె గబగబా కొట్టుకుంటుంది. ఊపిరి వదిలాక కొన్ని సెకన్లు అసలు చప్పుడే ఉండదు. మనిషికి అలా ఉంటే మేం అంబులెన్సు పిలుస్తాం. దానికి అది పొదుపు.

మా రంగంలో ఇలాంటి వార్త నిలవదు. తెలిసినవాళ్ళను పట్టుకుని, ఒక మార్చి నెలలో గుహ చూడ్డానికి వెళ్ళే బృందంలో నేనూ చేరాను. తోకలా వెనకాల నడిచినవాణ్ణే. మోకాలి దాకా మంచు. చలి సున్నాకు పదిహేను డిగ్రీలు కింద. పట్టీ సిగ్నలు గట్టిపడేకొద్దీ ముందు నడిచేవాళ్ళు చేతితో సైగ చేశారు, ఇక మాటల్లేవు. గుహ అంటే పెద్ద గుహ అనుకునేరు. కూలిన చెట్టు వేరు కింద, మన ధాన్యపు గాదె మూతంత కన్నం. ఒకాయన పొట్ట మీద పాక్కుంటూ టార్చితో తల లోపల పెట్టి, పొడుగాటి కర్రకు కట్టిన సూదితో మత్తు ఇచ్చాడు. ఆ తర్వాత నలుగురు కలిసి తల్లిని బయటికి లాగారు. బరువు చూడ్డం, రక్తం తియ్యడం, పరికరంలో ఉన్న లెక్కలు దింపుకోవడం, పట్టీ మార్చడం... అరగంటలో అంతా అయిపోవాలి.

దానికి పిల్లలు రెండు. జనవరిలో పుట్టినప్పుడు పావుకిలో ఉండేవి. కళ్ళు తెరవని ముద్దలు. మార్చి వచ్చేసరికి రెండు కిలోల పైనే అయ్యాయి. తల్లి ముద్ద ముట్టలేదు, చుక్క నీళ్ళు తాగలేదు. ఆ పాలు ఎక్కడివి మరి? తనను తానే కరిగించుకున్న పాలు. పిల్లలు చలికి చచ్చిపోకుండా బృందంలోవాళ్ళు కోట్లలో పెట్టుకోవాలి. ఒకదాన్ని నాకిచ్చారు. గోళ్ళు చొక్కాలో గుచ్చి పట్టుకుని, మెడ కింద మూతి పెట్టి, మోటారులా ఒకటే గుర్రుమని చప్పుడు. నా ఇద్దరు పిల్లల్నీ పుట్టగానే నర్సు చేతిలోంచి తీసుకున్నాను కానీ ఇంత భయం వెయ్యలేదు. పని అయ్యాక పిల్లల్ని తల్లి పొట్ట దగ్గర పెట్టి, కన్నాన్ని కొమ్మలతో, మంచుతో కప్పేసి వచ్చాం.

ఒక్క విషయం మాత్రం నన్ను వదల్లేదు. సూది దిగకముందు టార్చి వెలుతురులో నాకు ఒక్క క్షణం తల్లి మొహం కనబడింది. నిద్రలో లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. కదల్లేదంతే.

ఆ రోజుల్లోనే, 2010 జనవరిలో, మిన్నెసోటా ఈలీ పట్టణం దగ్గర లిన్ రోజర్స్ అనే ఆయన లిలీ అనే ఎలుగు గుహలో కెమెరా పెట్టి ఇంటర్నెట్‌లో చూపించారు. జనవరి 22న అది ఈనితే ప్రపంచమంతా చూసింది. మా ఆఫీసులో పని మానేసి చూశారు, నేనూ చూశాను. పిల్లకు హోప్ అని పేరు పెట్టారు. మరుసటేడు వేట సీజనులో ఆ హోప్ ఒక వేటగాడి తుపాకికి పోయింది. అంతమంది ముద్దు చేసినా అడవిలో దాని బతుకు దానిదే. కెమెరాల మోజు నాకూ తక్కువేం కాదు. తర్వాత ఇండియా వచ్చేసి హైదరాబాదులో స్థిరపడ్డాక, ఇక్కడ ఒంటరిగా ఉన్న మా అమ్మ ఇంట్లో వసారాలో కెమెరా పెట్టాను. మూడోరోజు ఫోనులో చూస్తే ఎర్రగళ్ళ తువ్వాలు తప్ప ఏమీ లేదు. ఆరేసిందట. "అమ్మా, తువ్వాలు తియ్యి" అంటే, "తడారలేదు నాయనా" అంది. నాలుగేళ్లయింది, ఇంకా తడారలేదు.

2015లో ఆ మిన్నెసోటా వాళ్ళ పని ఇంకోటి చదివాను. మార్క్ డిట్మర్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు చేసింది. గుండె పరికరం ఉన్న నాలుగు ఎలుగుల మీదుగా డ్రోన్ ఎగరేసి చూశారు. పైనుంచి చూస్తే వాటిలో పెద్ద తేడా లేదు. పారిపోయినవి తక్కువ. ఇంకొకరెవరైనా అయితే డ్రోనుకు ఇవి భయపడవు అని రాసేసేవారు. కానీ గుండె లెక్క దించి చూస్తే ప్రతి ఎలుగుకీ గుండె వేగం పెరిగింది. ఒకదానికి నిమిషానికి 123 సార్లు ఎక్కువ కొట్టుకుంది. చలికాలపు నిద్రకు గుహలో చేరిన ఎలుగుకు కూడా పెరిగింది. ఆ కాగితం చదువుతుంటే నాకు కనబడింది మిన్నెసోటా కాదు, ఎనిమిదో తరగతి నల్లబల్ల మీద మాస్టారు రాసిన మూడో అంకె.

ఇప్పుడు మారేడుమిల్లి.

మన డెల్టాలో ఎలుగులు లేకపోయినా ఎగువన ఉన్నాయి. పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానవనమైంది. ఆ కొండల్లోనూ, మారేడుమిల్లి వైపు అడవుల్లోనూ గుడ్డేలుగు ఉంది. అమెరికా ఎలుగుకూ దీనికీ తేడాలున్నాయి. 1791లో దీని చర్మం, గోళ్ళు చూసి జార్జ్ షా అనే ఇంగ్లీషు పండితుడు చెట్లకు వేలాడే స్లాత్ జాతి అనుకున్నాడు. ఆ పొరపాటే ఇంగ్లీషులో దానికి పేరై కూర్చుంది. చెదపుట్టలు తవ్వి, ముందు పళ్ళ మధ్య సందులోంచి గాలితో పీల్చి తింటుంది. మనది వెచ్చటి దేశం, ఏడాదంతా ఏదో ఒక తిండి దొరుకుతుంది, అందుకని చలికాలం నిద్ర లేదు. కానీ ఈనే తల్లి మాత్రం చలికాలం మొదట్లో గుహ చేరుతుంది. పిల్లలు పుట్టిన కొత్తలో కదలదు. రెండు మూడు నెలలకు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని బయటికొస్తుంది. పిల్లల్ని అలా మోసే ఎలుగు ఇదొక్కటే అని చెప్పవచ్చు. ఇందాక చెప్పిన గార్షెలిస్సే 1990ల్లో అనూప్ జోషి, జేమ్స్ స్మిత్‌లతో కలిసి నేపాల్‌లోని చిత్వన్‌లో ఈ జాతికి రేడియో పట్టీలు కట్టి చదివారు. ఇవన్నీ నాకు తెలుసు. తెలియక చేశాను అనడానికి వీల్లేకుండా తెలుసు.

రెండేళ్ల కిందట కనుమ మర్నాడు మా బ్యాచ్ పద్నాలుగు మందిమి రెండు కార్లు, ఒక వ్యానులో గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్ళాం. బొంగు చికెన్, పాటలు, మామూలే. మర్నాడు పొద్దున ఇంకాస్త లోపలికి వెళ్ళి ఒక కొండరెడ్ల పల్లె దగ్గర ఆగాం. ఆ ఊరి పేరు చెప్పను, చెప్తే మీలో సగంమంది వచ్చే ఆదివారం అక్కడుంటారు. టీ కాచి ఇచ్చిన పెద్దాయన వాగు అవతల బండల గుట్ట చూపించి, అటు వెళ్ళొద్దన్నాడు. గుడ్డేలుగు పిల్లల్ని పెట్టింది, పది పదిహేను రోజులైందన్నాడు.

మావాడి ఒకడి దగ్గర డ్రోన్ ఉంది. వాగు దాటక్కర్లేదు కదా అన్నాడు వాడు. అనుమతి లేకుండా అడవి మీద ఎగరెయ్యకూడదని మాలో సగం మందికి తెలుసు. మిగతా సంగతి నాకొక్కడికే తెలుసు. నేను నోరు విప్పలేదు. నిజం చెప్పాలంటే నాకూ చూడాలనిపించింది. మిన్నెసోటాలో చూసినది మన గోదావరి కొండల్లో ఎలా ఉంటుందో చూడాలని. ఒక్క నిమిషమే కదా అనుకున్నాను.

నాలుగు నిమిషాలు ఎగిరింది. తెర మీద రెండు బండల మధ్య నల్లటి చీకటి, ఆ చీకట్లో ఇంకా నల్లగా ఒక భుజం, తెల్లటి మూతి. పిల్లలు కనబడలేదు. పొట్ట కింద ఉంటాయి. డ్రోన్ ఇంకా కిందికి దించాడు. తల్లి మూతి పైకెత్తి చూసింది, అంతే. కదల్లేదు. అప్పుడు తీసినదే ఆ ఫోటో. అందరూ చప్పట్లు కొట్టారు. "చూశార్రా, దానికి లెక్కే లేదు" అన్నారు ఎవరో. నేనూ నవ్వాను.

పెద్దాయన టీ గ్లాసులు ఏరుకుంటూ వచ్చాడు. అరవలేదు, తిట్టలేదు. "మీరు పోతారు బాబూ. రేపు పొద్దున్నే మా ఆడోళ్ళు ఆ దారినే కట్టెలకెళ్ళాల" అన్నాడు.

మాలో ఎవరికీ తట్టని మాట అది. బెదిరిన తల్లి ఎలుగు ఎదురుపడితే ఏమవుతుందో ఆ కొండల్లో ప్రతి పల్లెకీ తెలుసు. మొహం మీదే పడుతుంది. బతికినవాళ్ళూ ఆ గుర్తుతోనే బతుకుతారు. మేం బొంగు చికెన్ తిని రాజమండ్రిలో రైలెక్కుతాం. మా నాలుగు నిమిషాల సరదాకు దారి మార్చుకోవాల్సింది వాళ్ళు. పదిరోజుల పాటు ఆడవాళ్ళు రెట్టింపు దూరం చుట్టు తిరిగి వెళ్ళారని తర్వాత తెలిసింది. ఎవరికీ ఏమీ కాలేదు. అది మా అదృష్టం, మా తెలివి కాదు. మేం వెళ్ళిన మూడోరోజు రాత్రి తల్లి ఆ గుట్ట వదిలేసిందని కూడా ఆయనే చెప్పాడు. డ్రోన్ వల్లేనా? చెప్పలేను. కాదని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆ వయసు పిల్లల్ని నోట పట్టుకుని చీకట్లో ఎక్కడికి తీసుకెళ్ళిందో, ఎన్నిటిని తీసుకెళ్ళిందో నాకు తెలియదు.

కార్యదర్శి గారూ, ఫోటో బాగుంది, నేను కాదనను. కానీ ఆ ఫోటో చూసినవాళ్ళందరికీ కనిపించేది నెమ్మదిగా పడుకున్న ఎలుగు. అది అబద్ధం. అబద్ధానికి రంగుల పేజీ ఎందుకు? దాని బదులు మన సైన్సు మాస్టారి ఫోటో వెయ్యండి, నలుపు తెలుపుదైనా.

ఆ ఏడు ఏప్రిల్ మొదటివారంలో, ఇప్పపూలు రాలే రోజుల్లో, నేనొక్కణ్ణే వెళ్ళాను. పెద్దాయన మొదట మాట్లాడలేదు. నా సంచి తెరిచి చూపించమన్నాడు. లోపల తువ్వాలు, మందుబిళ్ళలు, మా అమ్మ పంపిన పూతరేకుల డబ్బా. ఫోను ఇంట్లో పెట్టమన్నాడు, పెట్టాను. తెల్లవారకముందే వాగు ఇవతలి గట్టు మీద, గాలి మా వైపు వీచే చోట చూసి కూర్చోబెట్టాడు. చాలాసేపు ఏమీ లేదు. దోమలు కుట్టాయి. తర్వాత అవతల ఇప్పచెట్టు కింద పూలు పీల్చుకుంటున్న చప్పుడు వినబడింది. అంత దూరానికీ వినబడింది, ముక్కు చీదినట్టు, తిత్తి ఊదినట్టు. వెలుతురు కాస్త వచ్చాక కనబడింది.

వీపు మీద ఒకటే పిల్ల ఉంది. ఇంకొకటి ఎప్పుడైనా ఉందో లేదో పెద్దాయన్ని అడగాలనుకున్నాను. అడగలేదు. ఆయన వేలు పెదాల మీద పెట్టుకునే ఉన్నాడు. నేను అలవాటు కొద్దీ నా మణికట్టు పట్టుకుని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. తొంభై ఆరు.